లెక్కకు అందని పాఠకులు
పావగడలో చదివితే బెంగళూరు ఖాతాలో.. నిన్నటి ర్యాంకు నేడు మాయం.. అయినా రాస్తున్నారు

పావగడ:

ఇంట్లో మాట్లాడేది తెలుగు.. బడిలో నేర్చింది కన్నడం.. చేతిలో ఫోను ఇంగ్లిషు! పావగడ తాలూకాలో తెలుగులో బ్లాగు రాయాలనుకునేవాళ్లు ఈ మూడింటినీ దాటుకుని రావాలి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుని, కీబోర్డు అలవాటు చేసుకుని, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని నాలుగు పేరాలు రాసి నెట్‌లో పెడతారు. తెల్లారి లేచి గణాంకాల పేజీ తెరుస్తారు. అక్కడ ఏముంటుంది? ఉదాహరణకు ఇలా ఉంటుందనుకోండి: చదివినవారు తొమ్మిది మంది. బెంగళూరు నుంచి అయిదుగురు, హైదరాబాద్ నుంచి ముగ్గురు, అమెరికా నుంచి ఒకరు. పావగడ నుంచి.. సున్నా!

ఆ సున్నా దగ్గరే చాలామంది కలం మూసేస్తారు. 'మన ఊళ్లో మనవాళ్లే చదవనప్పుడు ఎవరి కోసం రాసేది?' అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ సున్నా నిజమో కాదో ముందు తేల్చుకోవాలి.

టవర్ ఒకచోట.. లెక్క మరోచోట

నెట్‌లో ఎవరు ఎక్కడి నుంచి చదువుతున్నారో చెప్పే యంత్రాలు పాఠకుడి ఊరిని కంటితో చూడవు. ఫోను వాడుకుంటున్న ఐపీ అడ్రసును చూసి, ఇది ఫలానా నగరానిది కావచ్చునని అంచనా వేస్తాయి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఆ అంచనా కొంత దగ్గరగా వస్తుంది. మొబైల్ డేటా అయితే కథ వేరు. వేల ఫోన్ల డేటా కంపెనీవాళ్ల పెద్ద కేంద్రానికి చేరి, అక్కడి నుంచి బయటి ప్రపంచంలోకి వెళుతుంది. ఆ కేంద్రం ఏ నగరంలో ఉంటే పాఠకుడు ఆ నగరవాసిగా నమోదవుతాడు. వై.ఎన్.హొసకోటలో అరుగు మీద కూర్చుని చదివినా, నాగలమడికెలో గుడి ముందు నిలబడి చదివినా లెక్క పోయి పడేది బెంగళూరు ఖాతాలోనే కావచ్చు.

పావగడకు ఇంకో చిక్కుంది. ఈ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. సొంత జిల్లా కేంద్రం తుమకూరుకు వెళ్లాలంటే మధుగిరి దారిలో మడకశిర వైపు ఆంధ్ర నేల దాటుకుని పోవాలి. మనుషులకే ఇంత తిప్పలుంటే ఫోన్ సిగ్నల్‌కు హద్దురాళ్లు కనిపిస్తాయా? సరిహద్దు పల్లెల్లో చేను ఈ గట్టున కర్ణాటక టవర్, ఆ గట్టున ఆంధ్ర టవర్. రోమింగ్ చార్జీలు ఉన్న రోజుల్లో ఇంటి పెరట్లో నిలబడి మాట్లాడినా డబ్బులు కట్ అయ్యేవని ఇక్కడి పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఆ చార్జీలు పోయాయి గానీ టవర్లు అలాగే ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్న కర్ణాటక పాఠకుడిగా, తమ్ముడు ఆంధ్ర పాఠకుడిగా నమోదైతే ఆశ్చర్యపడాల్సింది లేదు.

అంతేకాదు. గణాంకాల పేజీలో భాష అని ఇంకో గడి ఉంటుంది. అది పాఠకుడు ఏ భాషలో చదివాడో చెప్పదు. అతని ఫోను ఏ భాషలో అమర్చి ఉందో చెబుతుంది. మన తాలూకాలో తెలుగులో ఫోను పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? ఎక్కువమందివి ఇంగ్లిషు, కొందరివి కన్నడం. కాబట్టి తెలుగు బ్లాగు చదివిన తెలుగువాడు లెక్కలో ఇంగ్లిషు పాఠకుడు. ఊరూ పోయింది, భాషా పోయింది!

యంత్రం అబద్ధం చెబుతోందని కాదు. అది చెప్పేది అంచనా. కానీ తెర మీద మాత్రం 'సుమారు' అనే మాట లేకుండా ఒక అంకె గట్టిగా నిలబడుతుంది. మనం దానికి తలవంచుతాం.

మాపకంలో పడని వాన

ఈ సంగతి పావగడ రైతుకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కరువు తాలూకాగా ఎన్నిసార్లు పేరు చెప్పించుకుందో లెక్కలేని నేల ఇది. ఇక్కడ గ్రామ పంచాయతీల్లో వర్షమాపకాలు పెట్టారు. మాపకం ఉన్నచోట నాలుగు చినుకులు పడి, రెండు కిలోమీటర్ల అవతల చెనక్కాయ చేను ఎండిపోయిన రోజులున్నాయి. అక్కడ చేను తడిసి మాపకం పొడిగా ఉన్న రోజులూ ఉన్నాయి. కాగితం మీద అంకె ఒకటి, చేలో తేమ ఒకటి. బీమా డబ్బుల కోసం రైతు ఆ అంకెతో కొట్లాడతాడు, తప్పదు. కానీ విత్తనం ఎప్పుడు వేయాలో మాత్రం మట్టి పిడికిట్లో పట్టుకుని చూసి తేల్చుకుంటాడు.

బ్లాగు రాసేవాడికీ ఆ రెండూ వేరువేరు పనులే. చిక్కు ఎక్కడంటే, రాసేవాడి చేతికి మట్టి తగలదు. చదివినవాడు ఎదురుగా కనిపించడు. నాటకం ఆడితే ఈలలు వినిపిస్తాయి, హరికథ చెబితే పళ్లెంలో చిల్లర పడుతుంది. తెర మీద రాసినవాడికి ఆ అంకె ఒక్కటే దిక్కు. అందుకే దాని మీద అంత మోజు, అంత దిగులు.

కూడలి రోజుల్లో..

తెలుగులో ఈ దిగులుకు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు బ్లాగుల గాలి వీచింది. కంప్యూటర్‌లో తెలుగు రాయడమే అప్పట్లో పెద్ద సాహసం. 'లేఖిని' వచ్చాక ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడటం మొదలైంది. దాన్ని తయారుచేసిన వీవెన్, 'కూడలి' అనే పేరుతో తెలుగు బ్లాగులన్నింటినీ ఒకచోట చూపించే సైటునూ పెట్టారు. తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటివీ వచ్చాయి. ఎవరు కొత్తగా ఏం రాసినా అక్కడ పైవరసలో కనిపించేది. 2008 హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంఘంవాళ్లు స్టాల్ పెట్టి, వచ్చినవాళ్లకు కంప్యూటర్‌లో తెలుగు ఎలా రాయాలో చూపించారు.

అప్పటి బ్లాగులు చూసినవాళ్లకు ఒక పక్కగా ఉండే బొమ్మలు గుర్తుండే ఉంటాయి. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కట్టినట్టు ప్రతి బ్లాగుకూ ఒక హిట్ కౌంటర్! సైకిల్ మీటర్‌లా తిరిగే అంకెలు. ప్రపంచపటం మీద ఎర్రచుక్కలు. ఏ దేశం జెండా ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టికలు. రాసినవాడు తన పేజీని తానే పదిసార్లు తెరిచినా కొన్ని కౌంటర్లు పది పెంచేవి. కూడలిలో పోస్టు పైవరసలో ఉన్న కాసేపు జనం వచ్చేవారు, కిందికి జారగానే తగ్గిపోయేవారు. వ్యాఖ్యలు రాసేవాళ్లలో చాలామంది తామూ బ్లాగర్లే. 'మీది నేను చదివాను, నాది మీరు చదవండి' అన్న మర్యాద కూడా నడిచేది. పెళ్లి చదివింపుల పుస్తకంలా అన్నమాట!

అది చాలదన్నట్టు పెద్ద ర్యాంకుల వ్యవహారం ఒకటి. అప్పట్లో మూడు పేర్లు మార్మోగేవి: అలెక్సా, టెక్నోరాటి, పేజ్‌ర్యాంక్.

అలెక్సా అంటే ఇప్పటి మాట్లాడే డబ్బా కాదు. 1996లో మొదలై 1999లో అమెజాన్ చేతికి వెళ్లిన కంపెనీ. ప్రపంచంలోని సైట్లన్నింటికీ ర్యాంకులు ఇచ్చేది. ఎలా? తొలి ఏళ్లలో ముఖ్యంగా తన టూల్‌బార్‌ను కంప్యూటర్‌లో పెట్టుకున్నవాళ్లు ఏం చూస్తున్నారో లెక్కగట్టి. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి చదివే పాఠకుడికి ఆ టూల్‌బార్ సంగతే తెలియదు. కాబట్టి అతను లెక్కలో లేడు. అదే సమయంలో, రాసినవాడు, అతని నలుగురు స్నేహితులు ఆ టూల్‌బార్ పెట్టుకుని రోజూ తెరిస్తే చిన్న సైటు ర్యాంకు లక్షల మెట్లు ఎగబాకేది. చిన్న భాషల సైట్లకు ఆ ర్యాంకు చెప్పేది పాఠకుల సంఖ్యను కాదు, టూల్‌బార్ ఉన్న దోస్తుల సంఖ్యను! ఈ దుకాణం 2022 మే 1న మూతపడింది.

టెక్నోరాటి ఇంకో రకం. ఒక బ్లాగుకు ఎంతమంది ఇతర బ్లాగర్లు లింకు ఇచ్చారో చూసి 'అథారిటీ' అని ఒక మార్కు వేసేది. తెలుగు బ్లాగర్లు తమ మార్కు చూసుకుని మురిసేవారు. 2009లో ఆ కంపెనీ ఇంగ్లిషు సైట్ల మీదే దృష్టి పెడతామని, మిగతా భాషల బ్లాగులను లెక్కించడం మానేసింది. అక్కడ ర్యాంకు ఉన్న ఇతర భాషల బ్లాగుల్లో ఒక్క అక్షరం మారలేదు. పాఠకులూ పోలేదు. పోయింది ర్యాంకు ఒక్కటే. 2014 మే నెలలో ఇంగ్లిషు బ్లాగులకూ ఆ మార్కులు ఆగిపోయాయి.

ఇక పేజ్‌ర్యాంక్. గూగుల్ తన టూల్‌బార్‌లో ఆకుపచ్చ గీత పెట్టి ప్రతి పేజీకి పదికి ఎన్ని మార్కులో చూపేది. 2013 డిసెంబరు తర్వాత ఆ మార్కులను మార్చలేదు. 2016లో గీతనే తీసేశారు. మార్కులు ఆగిపోయిన ఆ రెండేళ్లూ, పాత అంకెనే చూసుకుని 'నా బ్లాగు పడిపోలేదు' అని తృప్తిపడ్డవాళ్లు ఎంతమందో! గడియారం ఆగిపోయిందని తెలియక టైము చూసుకున్నట్టు.

ఒక తరం బ్లాగర్లు నిద్ర మానుకుని చూసుకున్న మూడు అంకెలూ ఇప్పుడు ఎక్కడా లేవు. వాటి కోసం రాసినవాళ్లలో చాలామంది రాయడమూ మానేశారు. వాటితో పనిలేకుండా రాసినవాళ్ల పోస్టులు మాత్రం ఇప్పటికీ వెతికితే దొరుకుతున్నాయి. అన్నీ కాదు. కొన్ని.

పత్రికలూ తప్పించుకోలేదు

బ్లాగర్లకే ఈ కష్టమనుకుంటే పొరపాటు. కోట్ల రూపాయల ప్రకటనలు ఆధారపడిన లెక్కల్లోనూ ఇదే వరస. 2014 జనవరిలో పత్రికల పాఠకుల సర్వే ఒకటి విడుదలైంది. అందులో నాగ్‌పూర్‌కు చెందిన 'హితవాద' ఇంగ్లిషు పత్రికకు ఆ నగరంలో ఒక్క పాఠకుడూ లేడని తేలింది. ఆ పత్రిక ధ్రువీకరించిన సర్క్యులేషన్ 60 వేలకు పైనే! రోజూ 60 వేల ప్రతులు కొని ఎవరూ చదవకుండా బజ్జీల పొట్లాలు కట్టారా? దేశంలోని పెద్ద పత్రికలు కలిసి ఆ సర్వేను తిప్పికొట్టాయి.

టీవీ సంగతి చెప్పక్కర్లేదు. దేశమంతటా 44 వేల ఇళ్లలో పెట్టిన మీటర్లను బట్టి కోట్లమంది ఏం చూస్తున్నారో చెప్పేవారు. మీటరున్న ఇళ్లకు డబ్బులిచ్చి ఫలానా చానల్ పెట్టించారన్న ఆరోపణలపై 2020 అక్టోబరులో ముంబయిలో కేసు నమోదైంది. దాంతో వార్తా చానళ్ల రేటింగులే ఆపేశారు. 2022 మార్చిలో గానీ మళ్లీ ఇవ్వలేదు. ఆ ఏడాదిన్నరా రేటింగులు లేకుండానే చానళ్లు నడిచాయి, జనం చూశారు.

మన పక్క టీ అంగడిలో ఒక్క పేపరు వస్తుంది. పొద్దున ఆరు నుంచి పది దాకా అది ఎన్ని చేతులు మారుతుందో ఏ మీటరు చెబుతుంది? మొదటి పేజీ ఒకరి చేతిలో, జిల్లా పేజీ ఇంకొకరి చేతిలో. చదవడం రానివాళ్లకు పక్కవాడు చదివి వినిపిస్తాడు. లెక్కలో అది ఒక ప్రతి.

గూగుల్ గాలి ఎటు వీస్తే అటు

పాత ర్యాంకులు పోయాయి. ఇప్పుడున్నది గూగుల్ వెతుకులాటలో ఎన్నో స్థానం అన్నది. ఇదీ నిలకడ లేనిదే. 2011లో పాండా అని ఒక మార్పు చేశారు. 2022లో 'ఉపయోగపడే సమాచారం' పేరుతో మరొకటి. ఒక్కో మార్పుకూ కొన్ని సైట్లు పైకి, కొన్ని కిందికి. ఎందుకు పడిపోయామో చిన్న బ్లాగరుకు చెప్పే నాథుడు ఉండడు. 2024లో వెతికిన ప్రశ్నకు కృత్రిమ మేధ రాసిన జవాబునే పైన పెట్టడం మొదలైంది. ఆ ఆగస్టుకు మన దేశానికీ వచ్చింది. జవాబు అక్కడే దొరికితే కింది లింకు నొక్కేవాడెవడు?

2025 సెప్టెంబరులో జరిగింది మరీ చిత్రం. ఒకే పేజీలో వంద ఫలితాలు చూసే వీలును గూగుల్ తీసేసింది. అంతే, ప్రపంచవ్యాప్తంగా ఎందరో సైట్లవాళ్లకు తమ పేజీలు 'ఇన్నిసార్లు కనిపించాయి' అనే అంకె ఒక్కసారిగా పడిపోయింది. గుండెలు బాదుకున్నారు. తీరా చూస్తే అంతకుముందు ఉన్న అంకెలో కొంత భాగం మనుషులది కాదు, ర్యాంకులు కనిపెట్టడానికి తిరిగే సాఫ్ట్‌వేర్లది! ర్యాంకు చూసుకునేవాళ్ల కోసం నడిచే యంత్రాలే ర్యాంకు చూసుకునేవాళ్లకు పాఠకుల్లా కనిపించాయి.

'సగటు స్థానం 8' అని చూపిస్తే అదీ అందరికీ ఎనిమిది కాదు. ఒకరికి రెండు, ఇంకొకరికి పధ్నాలుగు. ఊరిని బట్టి, ఫోనును బట్టి మారుతుంది. పావగడ విషయానికొస్తే ఇంకో తిరకాసు. శనిమహాత్మ గుడి గురించో, కోట గురించో తెలుసుకోవాలనుకున్న తెలుగువాడు తెలుగు లిపిలోనే వెతకాలని లేదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట కొడతాడు. కొందరు కన్నడంలో. తెలుగు లిపిలో రాసిన పోస్టు అతనికి ఎదురుపడే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది. పోస్టు బాగాలేక కాదు.

వాట్సాప్ వచ్చాక లెక్క పూర్తిగా చేజారింది. బాగున్న పోస్టును జనం లింకుగా పంపరు. మొత్తం కాపీ చేసి, గుంపులో అతికిస్తారు. రాసినవాడి పేరు రెండో చేతికే ఊడిపోతుంది. పెళ్లిళ్ల గుంపు, కులసంఘం గుంపు, పాత విద్యార్థుల గుంపు.. ఇలా తిరిగి తిరిగి వారం తర్వాత రాసినవాడికే 'చూడన్నా, ఎవరో బాగా రాసినారు' అని వస్తుంది! అది ఎంతమంది చదివారో ఏ పేజీలోనూ ఉండదు. పేరు పోవడం అన్యాయమే. రాసినవారు పోస్టు మొదట్లోనూ, మధ్యలో ఒకచోటా తమ పేరు, బ్లాగు పేరు వాక్యంలో కలిపి రాసుకుంటే కొంత నయం.

డబ్బుల మాట

కొందరికి ఉత్సాహం అంటే రాబడి. అందులో దాపరికం అక్కర్లేదు. తెలుగు పేజీలకు గూగుల్ ప్రకటనల సౌకర్యం 2018లో గానీ రాలేదు. అంటే తెలుగు బ్లాగుల మొదటి పన్నెండు, పదమూడేళ్లు పైసా ఆశ లేకుండా గడిచాయి. ఇప్పుడు వస్తున్నాయి కదా అంటే, తాలూకా సంగతులు రాసే బ్లాగుకు వచ్చే ప్రకటనల డబ్బుతో ఇల్లు గడవదు. బ్లాగు పెడితే నెలకు వేలు అని చెప్పే యూట్యూబ్ పాఠాలను నమ్మి ఉద్యోగం మానుకోవద్దు. ఆ పాఠాలు చెప్పేవాళ్ల రాబడి పాఠాల నుంచి వస్తుంది, బ్లాగు నుంచి కాదు.

మరి రాసేదెందుకు?

ఇక్కడ ఒక పాత సంగతి. నిజాం పాలనలోని తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశారు. అప్పట్లో గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరా కవుల దగ్గరి నుంచి పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. ఆ కవుల్లో చాలామందికి ఊరు దాటి పేరు లేదు. ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి లేరనుకున్నారు, అంతే.

పావగడ తెలుగుకూ ఇదే ముప్పు. బడిలో లేదు, ఆఫీసులో లేదు, బోర్డుల మీద అంతంత మాత్రం. ఇళ్లలో ఉంది, సంతలో ఉంది. ఇక్కడి తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది, అది కడపలోనూ వినిపించదు, గుంటూరులో అసలే వినిపించదు. కర్ణాటకవాళ్లు దీన్ని ఆంధ్ర అంటారు, ఆంధ్రవాళ్లు కన్నడం అంటారు! దీన్ని కాగితం మీద పెట్టేవాళ్లు ఇక్కడివాళ్లే కావాలి. వేరెవరికీ ఆ అవసరం లేదు.

రాయడానికి ఏముంది అంటారా? తిరుమణి, బలసముద్ర, వళ్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు.. ఈ అయిదు ఊళ్ల చుట్టూ దాదాపు 13 వేల ఎకరాల్లో సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలు. ప్రపంచంలోని పత్రికలన్నీ వచ్చి ఫొటోలు తీసుకుని ఇంగ్లిషులో రాసి వెళ్లాయి. చెనక్కాయ చేను అద్దాల చేను అయ్యాక గొర్రెలు కాసుకునేవాళ్లు ఏమయ్యారు? భూమి లేని కూలి ఏ ఊరికి పోయాడు? కౌలు డబ్బు వచ్చిన ఇంట్లో అన్నదమ్ముల మధ్య ఏం జరిగింది? ఇవి ఇక్కడి భాషలో, ఇక్కడివాళ్లు రాస్తేనే తెలిసేవి. (రాయచెర్లు, క్యాతగానచెర్లు అన్న పేర్లలో చెరువు వినిపించడం లేదూ? నీళ్ల పేరున్న ఊళ్లలో ఎండను పండిస్తున్నాం.)

నిడగల్లు కోట, నాగలమడికె దగ్గర పెన్న, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పచ్చబడ్డ పళ్లు, ఏ ఊరి బోరు ఎన్ని అడుగులకు పోయింది.. ఒక్కోటీ ఒక పోస్టే. వీటికి మొదటిరోజు తొమ్మిది మంది పాఠకులే ఉండవచ్చు. ఇలాంటి రాత సినిమా కబురులాంటిది కాదు, ఆ రోజే చదివి పారేసేది కాదు. మూడేళ్ల తర్వాత బెంగళూరులో చదువుకునే పిల్లవాడికి ప్రాజెక్టు కోసం కావాల్సి రావచ్చు. రోజు లెక్క చూసేవాడికి ఇది కనిపించదు.

పాఠకుడు ఉన్నాడని తెలిసేది చాలాసార్లు తిట్టు రూపంలోనే. 'ఏమప్పా, చెరువు తూము గురించి రాసినావంట. అది తూర్పున కాదు, పడమట ఉండేది. మా తాత నీరుగంటి, నాకు తెలీదా?' అని సంతలో ఒక పెద్దాయన నిలేస్తే, అంతకు మించిన గణాంకం ఏముంటుంది? ఆయన చదివాడు లేదా చదివించుకున్నాడు, గుర్తుపెట్టుకున్నాడు, దిద్దడానికి వెతుక్కుంటూ వచ్చాడు. ఇలాంటి ఒక దిద్దుబాటు వంద మెప్పుల పెట్టు. వెంటనే పోస్టు సరిచేసి, ఎవరు చెబితే సరిచేశారో కింద ఒక వాక్యం రాస్తే మరుసటి దిద్దుబాటు దానంతట అదే వస్తుంది.

అట్లని ప్రతి సున్నాకూ యంత్రాన్ని తిట్టి తప్పించుకోవడం కుదరదు. కొన్ని పోస్టులను ఎవరూ చదవరు, ఎందుకంటే అవి బాగుండవు. ఎక్కడో ఉన్నది ఎత్తి రాసినవి, శీర్షిక ఒకటి పెట్టి లోపల ఇంకోటి రాసినవి, నాలుగు వాక్యాల్లో అయిపోయేదాన్ని నలభైకి సాగదీసినవి. గణాంకాలు నమ్మదగినవి కావన్న మాట రాసేవాడి సోమరితనానికి దుప్పటి కాకూడదు. తేడా తెలుసుకోవాలంటే మనల్ని మెచ్చుకోవాల్సిన పనిలేని ఒకరిద్దరికి చదివి వినిపించడం మేలు. ఇంట్లోవాళ్లు పనికిరారు, మరీ మెచ్చుకుంటారు లేదా అసలు వినరు.

అంకెను ఎంతవరకు?

గణాంకాల పేజీని పూర్తిగా మూసేయమనడం లేదు. నెలకోసారి చూస్తే చాలు. అందులో పనికొచ్చేది ఎంతమంది అన్నది కాదు, ఏ మాట వెతికి వచ్చారు అన్నది. కౌలు ఒప్పందం గురించి వెతికి వచ్చినవాళ్లు పది మంది ఉంటే, దాని మీద ఇంకో పోస్టు అవసరమని అర్థం. అన్ని పేజీలకూ ఉన్నట్టుండి సున్నా వస్తే పాఠకులు అలిగారని కాదు, ఏదో లింకు తెగిందని. మరమ్మతు చూసుకోవాలి. తెల్లవారుజామున ఏ దూరదేశం నుంచో అయిదొందల మంది వచ్చారంటే మురిసిపోవద్దు, అవి యంత్రాలు కావచ్చు.

కొంతమంది చేసే ఒక పని బాగుంది. వెనకటి శెట్టి అంగడి పద్దులా ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం. ఫోను చేసినవారు, దిద్దినవారు, పాత ఫొటో తెచ్చిచ్చినవారు, 'దీని గురించి కూడా రాయన్నా' అని అడిగినవారు, అన్నీ తేదీతో రాసుకుంటారు. ఏడాదికి అందులో ముప్పై పేర్లు ఉంటే తాలూకా బ్లాగుకు అది గట్టి లెక్కే. పైగా ఏ కంపెనీ మూతపడినా ఆ పుస్తకం పోదు.

మూతపడటం అంటే గుర్తొచ్చింది. 2019లో గూగుల్ ప్లస్ ఆగిపోయినప్పుడు, దాని ద్వారా బ్లాగర్‌లో రాసిన వ్యాఖ్యలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఏళ్ల తరబడి పాఠకులతో జరిగిన మాటామంతీ ఒక్క దెబ్బతో పోయింది. 2009లో యాహూ జియోసిటీస్ మూసినప్పుడు లక్షల సొంత పేజీలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. వాటిలో కొన్నింటిని దాచిపెట్టింది ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్లు. 1996 నుంచి వెబ్ పేజీలను భద్రపరుస్తున్న సంస్థ అది.

ర్యాంకు పోతే రాత పోదు. దాచుకోకపోతే మాత్రం రాత కూడా పోతుంది. బ్లాగర్‌లో అయినా వర్డ్‌ప్రెస్‌లో అయినా మొత్తం పోస్టులను ఒక ఫైలుగా దింపుకునే వీలుంది, అమరికల్లో ఉంటుంది. మూడు నెలలకోసారి దింపి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకొకరి కంప్యూటర్‌లో ఒకటి ఉంచాలి. ముఖ్యమైన పోస్టులను కాగితం మీద అచ్చుతీసి ఊరి గ్రంథాలయంలో ఇస్తే, నెట్ చూడని పెద్దవాళ్లూ చదువుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషిన్‌లో 'ఈ పేజీని ఇప్పుడు భద్రపరచు' అనే గడి ఉంటుంది. అందులో పోస్టు చిరునామా అతికించి మీట నొక్కడమే. రూపాయి ఖర్చు లేదు, పావగడలో సిగ్నల్ బాగున్న వేళ రెండు నిమిషాల్లో అయిపోతుంది.